గట్టి చప్పుడు

బొగ్గుగనిలో పైకప్పును కర్రతో తట్టి వినడం యోనా డ్యూటీ. డొల్లగా మోగితే కూలుతుంది. గట్టిగా పలికితే భయం లేదు.

దవాఖానలో డాక్టరు అతని భార్య సువార్త వీపును వేళ్లతో తట్టాడు. రొమ్ములో గడ్డ ఉన్న వైపే గట్టిగా పలికింది.

"గట్టిగున్నది సారూ!" అన్నాడు యోనా సంబరంగా.

డాక్టరు అతన్ని బయటికి పిలిచాడు. "మనిషి ఛాతీ డొల్లగా మోగితేనే మంచిది. లోపల నీళ్లు చేరాయి. క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా పాకింది. ఇక కొన్ని నెలలే."

గోదావరిఖని బస్సెక్కాక సువార్త అడిగింది: "చప్పుడు నువ్వు సుత విన్నవా?"

"విన్న. గట్టిగున్నది."

"ఇగ ఫికర్ లేదు" అని అతని భుజంమీద తలవాల్చి నిద్రపోయింది.

గనిలో అయితే, కూలుతుందని తెలియగానే కేకేసి అందర్నీ బయటికి ఉరికించేవాడు. ఆమె తల కదలకుండా, భుజం బిగబట్టుకుని కూర్చున్నాడు.