మూడో వరుస సీటు

“ముందు సీటా? ఎవరికి, నీకా?”

ఆలిక్కోయ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఎదురుగా నిలబడ్డ సైదలవిని పైనుంచి కిందిదాకా చూశాడు. సిమెంటు మరకల చెప్పులు, మాసిన గడ్డం. దుబాయ్ దేరా బజారులో ఇరవై రెండేళ్లుగా విమానం టికెట్లు అమ్ముతున్న ఆలిక్కోయకు చెప్పులు చూస్తే చాలు, మనిషి ఏ సీటు కొంటాడో తెలిసిపోతుంది.

“నాకే ఇక్కా,” అన్నాడు సైదలవి, మలయాళీలు అన్నను పిలిచినట్టు. “ఇవాళ మధ్యాహ్నం విమానానికే. విమాన కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. ఏజెంటు దగ్గర కొన్న టికెట్టు ఏజెంటే మార్చాలన్నారు.”

“అది నిజమే. నా దగ్గర కొన్నదానికి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కూర్చో.”

పక్క కొట్టు నుంచి రెండు గ్లాసుల పాలు లేని సులైమానీ టీ తెప్పించి, ఆలిక్కోయ కంప్యూటర్లో వెతికాడు. కోజికోడ్ విమానం. సైదలవికీ, అతని తమ్ముడు ఉనైస్‌కీ నెల కిందట తను తీసిచ్చిన టికెట్లు. పదహారో వరుసలో పక్కపక్క సీట్లు.

“బిజినెస్ క్లాసుకి తేడా పద్దెనిమిది వందల దిర్హమ్‌లు.”

“ఉనైస్ టికెట్టు రద్దు చేయండి. ఆ డబ్బు ఇందులో కలిపితే...”

ఆలిక్కోయ చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

“ఏరా సైదూ, మతి ఉండే మాట్లాడుతున్నావా? టికెట్టు తీసిన రోజు వాడు ఈ కుర్చీలోనే కూర్చుని ఏమన్నాడు? ‘మా ఇక్క పక్కన సీటు లేకపోతే నేను ఎక్కను కోయక్కా, విమానం లేస్తుంటే నాకు ప్రాణం పోతుంది’ అన్నాడు. ఇక్కడికి వచ్చేటప్పుడు దారి పొడుగునా నీ చేయి వదల్లేదటగా! మూడేళ్లకి ఇంటికి బయల్దేరిన పిల్లాణ్ణి ఇక్కడ దింపేసి, నువ్వు దొరలా కాళ్లు చాపుకుని పోతావా?”

సైదలవి టీ గ్లాసును పక్కకి జరిపాడు.

“వాడికి సెలవు ఇవ్వలేదా?”

“కంపెనీ వాళ్లు వాడి వీసా రద్దు చేశారు ఇక్కా. నిన్న.”

“ఓహో, వేరే కంపెనీకి మారుతున్నాడన్నమాట. అలా చెప్పు మరి!” ఆలిక్కోయ కాస్త మెత్తబడ్డాడు. “అయినా చౌక టికెట్టు, పైసా వెనక్కి రాదు. ఒక్క కారణానికైతే మొత్తం తిరిగిస్తారు. ఆ కారణం నీకూ వద్దు, నాకూ వద్దు.”

సైదలవి చేయి చొక్కా జేబులోని మడత కాగితం దాకా వెళ్లి, ఊరికే వెనక్కి వచ్చింది. రెండో జేబులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. నిండా నలిగిన నోట్లు. ఐదులు, పదులు, ఇరవైలు.

“ఎక్కడివిరా ఇవి?”

“గదిలో వాళ్లు, పక్క గదుల వాళ్లు తలా కొంత వేశారు.”

ఆలిక్కోయ నోరు తెరిచాడు. ఈ కుర్చీలోంచి ఎన్నో రకాల మనుషుల్ని చూశాడు. అప్పు చేసి బంగారం కొన్నవాణ్ణి చూశాడు, పెళ్లాం గాజులమ్మి సెంటు సీసాలు కొన్నవాణ్ణి చూశాడు. గదిలో చందాలెత్తి పెద్ద సీటు కొనేవాణ్ణి మాత్రం ఇదే చూడడం.

“సిగ్గులేదురా నీకు? నాలుగు గంటల ప్రయాణం! అంత చూపించుకోవాలా? కోజికోడ్‌లో నీ కోసం ఎవరొస్తున్నారు?”

“ఊరు ఊరంతా వస్తోంది ఇక్కా.”

“ఇంకేం, దండలు కూడా తెమ్మను!” నోట్లు లెక్కపెట్టుకుంటూనే అన్నాడు. బేరం బేరమే. “సరే, ఈ సీటుకి నలభై కిలోల సామాను ఉచితం. అదైనా వాడుకో.”

“నాకు చేతిసంచి ఒక్కటే. బరువంతా అదే విమానం కార్గోలో వెళ్తోంది.”

“ఎంత?”

“పెట్టెతో కలిపి నూట పద్దెనిమిది కిలోలు తూగింది.”

“కిలోకి ఎంత తీసుకున్నారు?”

“పదిహేడు.”

“పదిహేడా!” ఆలిక్కోయ బల్ల మీద గట్టిగా చరిచాడు. “నిన్ను నిలువునా ముంచారు కదరా! నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆరుకి చేయించేవాణ్ణి. తూచేటప్పుడైనా పక్కనున్నావా?”

“ఉన్నాను. కాటా మీద పెడుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాను.”

“అక్కడే మోసపోయావు. కాటా మీంచి కన్ను తిప్పకూడదు.” తల అడ్డంగా ఊపి, కంప్యూటరు తెర అతని వైపు తిప్పాడు. “రెండే ఖాళీలు. మొదటి వరుసలో కిటికీ పక్కన ఒకటి, మూడో వరుసలో ఒకటి. మొదటిది తీసుకో. కాళ్ల ముందు బోలెడు చోటు, ముందుగా దిగిపోవచ్చు.”

సైదలవి తెర మీదికి వంగాడు. వచ్చినప్పటినుంచీ ఇప్పుడే అతని కళ్లలో కాస్త కదలిక కనిపించింది.

“కార్గో సామాను ముందు భాగంలోనే పెడతామన్నారు ఇక్కా. ఏ వరుస కిందికి వస్తుంది?”

“ఈ విమానంలోనా? సామాను గది తలుపు మూడో వరుస కింద. ఎందుకు?”

“అయితే మూడోదే ఇవ్వండి.”

ఆలిక్కోయ మీట నొక్కాడు. యంత్రం గరగరలాడుతూ టికెట్టు బయటికి తోసింది. సైదలవి దాన్ని రెండు చేతులతో అందుకుని, సీటు నంబరు మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు. అతని ముందున్న టీ చల్లారిపోయి ఉంది.

ఆలిక్కోయకు నవ్వు ఆగలేదు.

“నాలుగు గంటలూ నీ పెట్టె మీద నువ్వే కాపలా కూర్చుంటావా? అంత విలువైనది ఏముందిరా అందులో?”

సైదలవి తలెత్తాడు.

“ఉనైస్ ఉన్నాడు ఇక్కా.”