కోయని మడతలు

అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే, నాన్న పేరుతో అచ్చయిన స్వరాల పుస్తకం ఒకటి బీరువా అడుగున దొరికింది. తీసుకెళ్లి పాత పుస్తకాల షాపాయన బల్ల మీద పెట్టాను. నాకింకా ఏడుపు రాలేదు.

ఆయన అట్ట తిప్పి, లోపల నాన్న చేత్తో రాసింది పైకే చదివాడు. "నీకే. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ."

"అబ్బ, ఎంత ప్రేమమ్మా! ఇది మీ నాన్నగారి మొదటి రచన. మిగతా ప్రతులన్నీ గోదాములో తడిసిపోయాయి. ఈ షాపులోనే జుట్టు నెరిసింది గానీ, దీన్ని కళ్లజూస్తాననుకోలేదు."

పేజీ తిప్పబోయి ఆగాడు. అచ్చాఫీసులో మడిచిన కాగితాలు మడిచినట్టే ఉన్నాయి. అంచులు కోస్తే గానీ లోపలి పేజీలు తెరుచుకోవు; వాటిని ఎవరూ కోయలేదు.

"మీ అమ్మగారు ఒక్కసారి కూడా తెరవలేదా? ఇంత ప్రేమగా ఇస్తే?"

"తెలీదండీ."

పైకి కనిపిస్తున్న మొదటి వరుసను ఆయన కూనిరాగం తీశాడు. ఆయన ఆపిన చోట నేను అందుకున్నాను. ఆయన మడతలోకి టార్చి వేసి, ఒక కన్ను మూసుకుని, నా గొంతు వెంటే స్వరాలు చూసుకుంటూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇది మీకెలా వచ్చు?"

"నా జోలపాటండీ. అమ్మ పెళ్లికి ముందే తనంతట తాను కట్టుకున్న బాణీ అని అమ్మమ్మ చెప్పేది."

ఆయన టార్చి ఆర్పేశాడు. మళ్లీ అట్ట తిప్పి నాన్న రాసింది చూశాడు.

ఈసారి పైకి చదవలేదు.