బొగ్గు పాఠం

పిల్లల చేత పుస్తకాలు మూయించి, "మీ ఇంట్లో ఏం మండుతోంది?" అని అడగడం జ్ఞానప్రకాశం మాస్టారి అలవాటు. బిలాస్‌పూర్ నుంచి బదిలీ మీద ఈ ఏడే రాయ్‌పూర్ వచ్చాడు. రైల్వే కాలనీలోని తెలుగు బడిలో సైన్సు చెబుతాడు. నవ్వడు, కసరడు. పిల్లలు ఆయనకు 'మంచుగడ్డ' అని పేరు పెట్టారు. పెట్టరూ మరి!

ఆ డిసెంబరు ఉదయం పాఠం దహనం.

"గాలి చాలకపోతే బొగ్గు విషవాయువు కక్కుతుంది. దానికి వాసన ఉండదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు. ఇక లేవరు," అన్నాడు, హాజరు పిలిచినంత చప్పగా.

ఊర్మిళ లేచి నిలబడింది.

"మా అక్క పురిటిగదిలో పొద్దస్తమానం బొగ్గుల సిగ్డీ, అదే కుంపటి, ఉంటాది మాస్టారూ. ఖిడికీలన్నీ బంద్. అక్క పొద్దున్నుంచి తలనొప్పంటంది."

మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. ఊర్మిళ వెనకాలే పరుగెత్తింది.

ఇంటి గుమ్మంలో ఊర్మిళ అమ్మమ్మ నాంచారమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"ఏటి మాస్టారూ! పురిటిగదికాడికి మగోళ్ళు రావడమేటి?"

"కిటికీ తెరవండమ్మా."

"బాలింతకి చలిగాలి తగిల్తే వాతం కమ్మదా? పెళ్ళాం పిల్లల్లేనోడివి, నీకేటి తెలుసు? నడు, నడు!"

మాస్టారు గుమ్మం దిగాడు. ఇంటి వెనక్కి వెళ్ళి, ఇటుకరాయి తీసి కిటికీ అద్దం పగలగొట్టాడు. నాంచారమ్మ శాపనార్థాలకు కాలనీ కాలనీ పోగయింది. ఎవరో కిటికీలోంచి తొంగిచూశారు. ఊర్మిళ అక్క సుభద్ర కదలడం లేదు. పక్కలో బిడ్డా కదలడం లేదు.

నాంచారమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆడవాళ్ళు తలుపు తోసుకుని వెళ్ళి తల్లినీ బిడ్డనీ వాకిట్లోకి మోసుకొచ్చారు. మాస్టారు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏమీ లేదు.

చాలాసేపటికి పసివాడు కేరుమన్నాడు. సుభద్ర కళ్ళు తెరిచింది.

నాంచారమ్మ ఏడుస్తూ మాస్టారి చేతులు పట్టుకుంది.

"దేవుడల్లే వచ్చినావు బాబూ! ఇయన్నీ నీకెలా తెలుసు నాయినా?"

"పుస్తకంలో ఉందమ్మా."

కిందటి చలికాలం బిలాస్‌పూర్‌లో, అదే పుస్తకంలోంచి అదే పాఠం చెప్పి ఇంటికొచ్చి, తన భార్య పురిటిగది కిటికీ బిగించి, కుంపటి నిండా బొగ్గులు పోసింది ఆయనే.