ఆఠీన్ ఆసు

మొయినాబాద్ ఫాంహౌస్‌లో పేకాట, పోకర్. బల్లమీద ఇంకా ముక్కలేవీ తెరవకముందే, ఆ ఇంటి యజమాని బుచ్చిరెడ్డి పందెం పెంచాడు.

జగదీశ్ చేతిలో రెండు ముక్కలు: ఆఠీన్ ఆసు, ఆఠీన్ అయిదు. ఎదురు పెంచడానికి ఇలాంటివే ఎంచుకోవాలని నేర్చుకున్నాడు. ఒక ఆసు తన దగ్గరుంటే ఎదుటివాడికి ఆసు పడే అవకాశం తగ్గుతుంది. బిళ్లలు రెండుసార్లు లెక్కపెట్టుకుని పందెం మూడింతలు చేశాడు.

"గంత భయమేంది తమ్మీ?" బుచ్చిరెడ్డి నవ్వి ఆట వదిలేశాడు. "నువ్వే గెలిసినవ్. ఈడ రివాజు ఎరికేగా, ఇద్దరం ముక్కలు చూపియ్యాలె."

అతడు తిప్పిన మొదటి ముక్క ఆఠీన్ ఆసు.

"ఇగ నీవి చూపియ్."

జగదీశ్ ముక్కలమీది అరచెయ్యి తీయలేకపోయాడు. నేర్చుకున్న లెక్క ఈ పేకలోంచి పడిన ఆసుకే వర్తిస్తుంది. తన ఆసు చేవెళ్లలో కొన్న పేకలోంచి ఏరి, చొక్కా చేతిమడతలో దాచి తెచ్చుకున్నది.