అరంగుళం వదులు

"ఇంకో అరంగుళం వదులు చెయ్యి బాబాయ్," అంటూ ఆమె రెండు యూనిఫాం ప్యాంట్లు కుట్టుమిషను పక్కన పెట్టింది. "సోమవారం డ్యూటీకి కావాలి."

ముసలి దర్జీ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఆయనెలా ఉన్నారమ్మా?"

"నడుం దగ్గర వేళ్లు పెట్టి లాగి, డిపోలో అందరికీ చూపిస్తున్నారు. పోయినసారి నువ్వు కాస్త ఎక్కువే వదిలినట్టున్నావు. రెండు వేళ్లు పడుతున్నాయి."

దర్జీ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు సీట్లో కూర్చుని పెంచిన పొట్ట స్టీరింగును తాకేది. డిపోలో ఆయన్ని ముద్దుగా 'స్టెప్నీ' అనేవారు. బీపీ, కొలెస్ట్రాల్ రెండూ హద్దు దాటాయనీ, సిగరెట్టు మానాలనీ, ఉప్పూ నూనే తగ్గించాలనీ, రోజూ ముప్పావుగంట నడవాలనీ డాక్టరు చెప్పాడు. తండ్రీ, అన్నా ఇద్దరూ అరవై చూడకుండానే గుండెపోటుతో పోయినవాళ్లు కాబట్టి ఆయన భయపడి వెంటనే మొదలుపెట్టాడు. అయితే ఆరంభశూరత్వంలో ఆయనకు ఆయనే సాటి. మూడు వారాలు నడిచాక కూడా బరువు చూసే మిషను ముల్లు కదలకపోయేసరికి, దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేసి సిగరెట్టు ముట్టించాడు.

అప్పుడే ఆమెకు ఉపాయం తట్టింది. ప్యాంటు నడుం ఒక అరంగుళం వదులు చేయించి, ఏమీ ఎరగనట్టు బీరువాలో పెట్టింది. బెల్టు పెడితే సీట్లో పొట్ట నొక్కుకుంటుందని ఆయన ఎప్పుడూ బెల్టు వాడడు. ఆ ఉదయం అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "మిషను అబద్ధం చెబుతుందేమో గానీ ప్యాంటు చెప్పదు కదా," అని సిగరెట్టు పెట్టె చెత్తబుట్టలో పడేశాడు. అది మొదలు ఏడు నెలలుగా ఆయన ఒక్కపూట కూడా నడక మానలేదు. ప్యాంట్లు మాత్రం నెలకోసారి గుట్టుగా ఈ కొట్టుకు వస్తున్నాయి.

"అసలు సంగతి ఇంకోటుంది," ఆమె గొంతు తగ్గించింది. "రేపు ఆయనే వస్తున్నారు. డిపోవాళ్లు యూనిఫాంకి కొత్త గుడ్డ ఇచ్చారు. నువ్వు టేపు పెడతావు."

"పెట్టకుండా ఎలా కుడతానమ్మా?"

"కొలుచుకో, కాదనను. అంకె మాత్రం నేను చెప్పింది చెప్పు. మొదట్లో నలభై రెండు కదా. ఇప్పుడు ముప్పై ఎనిమిది అను, చాలు."

దర్జీ తల అడ్డంగా ఊపాడు. "యాభై ఏళ్లలో కొలత తప్పు చెప్పలేదు నేను."

"ప్యాంట్లు వదులు చేశావుగా. అదేమిటి మరి?"

"అది కుట్టుపని. ఇది మాట."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఒక మనిషి బతకడానికి ఒక్కటి ఆడలేవా బాబాయ్?"

ఆమె స్టూలు మీద కూలబడింది. ఏడు నెలలు మొగుణ్ణి మభ్యపెట్టినందుకు సిగ్గుగా ఉంది. ఆ మాయ రేపటితో తీరిపోతుందంటే అంతకు పదింతలు భయంగా ఉంది.

"ఆయన సంగతి నీకు తెలీదు. ఇదంతా ఉత్తదని తెలిసిన రోజే అన్నీ మానేస్తారు. మళ్లీ సిగరెట్లు, మళ్లీ నూనెలో వేగినవి. మా బావగారు పోయిన రోజు ఆయన బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. నేనే తీసి లోపల పెట్టాను. ఇంకోసారి ఆ పని నావల్ల కాదు."

దర్జీ సూది పక్కన పెట్టి, ఒక ప్యాంటు తీసుకుని లోపలి వైపు తిప్పాడు. "ఇటు చూడమ్మా."

నడుం వెనక కుట్టు పక్కన మడిచిన గుడ్డ ఉండాల్సిన చోట సన్నటి అంచు తప్ప ఏమీ లేదు.

"వదలడానికి ఇంక గుడ్డేదీ? ఏ ప్యాంటుకైనా లోపల రెండంగుళాలకు మించి ఉంచరు."

ఆమె రెండో ప్యాంటు కూడా తిప్పి చూసింది. అదీ అంతే.

"అయితే ఈ నెల ఏం చేస్తావు బాబాయ్?"

"మూడు నెలలుగా చేస్తున్నట్టే, ఉత్త ఇస్త్రీ చేసి ఇస్తాను."