ఆరని రంగు

...అక్షరం తప్పు పడితే తుడిచే వ్యవధైనా ఉండదు కదా, అదీ పోలయ్య భయం. ఇప్పటి రంగుల్లో కలిపే లోహపు మందుకి, కుంచె ఎత్తేలోగా రంగు ఆరిపోతుంది. ఇంటికొచ్చే చుట్టాలు సందు మలుపు తిరిగేలోపు జనం గోడల రంగు మార్చేస్తున్నారు. పోలయ్య చెయ్యి వణకడం మొదలై రెండేళ్లయింది. కొత్త పడవ మీద మనవరాలి పేరు తనే రాయాలని ఆశ. వారం నుంచి పడవ చుట్టూ తిరుగుతున్నాడు. వణుకుతున్నది చెయ్యా, తనా?

భార్య బంగారమ్మ డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"మందు కలపనేదు. వట్టి అవిసె నూనె, రంగుపొడి. మూడ్రోజులు ఆరదు. ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లు తుడుసుకో."

"జనం నవ్వుతారే."

"నీ రాత సూసి నలభయ్యేళ్ల నుంచి నాను నవ్వట్లేదేటి?"

అతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి అక్షరం రాశాడు. అలలా వంకర తిరిగింది.

"ఇదిగో గుడ్డ," అంది బంగారమ్మ.

అక్షరం ఎండలో తడితడిగా మెరుస్తోంది. పోలయ్య దాన్ని చాలాసేపు చూశాడు. గుడ్డని భుజం మీద వేసుకుని, కుంచె ముంచి, రెండో అక్షరం మొదలుపెట్టాడు.