గీత లేని ఇల్లు

అరవై రెండులో వినుకొండ దగ్గర ఒక ఊళ్లో మశూచి ఏడిళ్లకు సోకింది. హెల్త్ ఇన్‌స్పెక్టరు గౌస్ బాషా కాగితం మీద ఇంటికొక సున్న చుట్టి, ఎవరు ఎవరింటికి వెళ్లారో అడిగి, ఆ సున్నల్ని గీతలతో కలిపాడు. ఆదెయ్య ఇంటికి మాత్రం ఒక్క గీతా రాలేదు.

“మీ తమ్ముడింటికి గాని వెళ్లారా?” అని మంచంలో ఉన్న ఆదెయ్యను అడిగాడు. ఊళ్లో అందరికంటే ముందు జబ్బుపడింది ఆ తమ్ముడి కూతురే.

“పొలం గట్టు తగాదా వచ్చి పన్నెండేళ్లయిందండి. వాడి గడప తొక్కలేదు.”

“అయితే మీకు అంటించినవాళ్లు ఇంకెక్కడో ఉన్నారన్నమాట. చుట్టుపక్కల నాలుగూళ్లూ వెతకాలి. ఈలోపు ఇంకెందరికి సోకుతుందో.”

ఆదెయ్య గొంతు తగ్గించాడు.

“తల్లి లేని పిల్లండి. వాడు మిరపచేలోకి పోయాక వెళ్లి గంజి తాగించి వచ్చేవాణ్ణి. గీత గీసుకోండి గాని, వాడికి చెప్పకండి.”

బాషా గీత గీసుకుని, ఆ ఇంట్లో మిగతావాళ్లకు టీకాలు వేసి, తమ్ముడింటికి వెళ్లాడు. పిల్లకు పొక్కులు ఎండుతున్నాయి. తమ్ముడు కాగితంలోకి తొంగిచూసి, ఆ కొత్త గీత ఎవరిదని అడిగాడు. బాషా కాగితం మడిచేశాడు.

“దాచకండి, నాకు తెలుసు,” అన్నాడు తమ్ముడు. “ఒళ్లు కాలిపోతున్న పిల్లను వదిలి చేలోకి ఎందుకు పోయాననుకున్నారు? నేను ఇంట్లో ఉంటే మా అన్న రాడుగా.”